రాచపుండు చికిత్సయు, వైద్యశిక్షణమును, దాతల ధర్మమును

మన వార్షిక మహాసభ యీ యేడు మైలవరమున జరుగుచున్నది. ఇట్టి సంచికలయందు వంశచరిత్రలు, శాసనములు, సంఘసేవ చేసిన పెద్దల జీవితములు ప్రకటించుట యాచారము. ఆ యాచారమును మేమును గౌరవింతుము. కాని యీ మారు వేఱొక చరిత్రను సోదరసోదరీమణుల యెదుట నుంచ సాహసించుచున్నాము. రాచపుండని మన పెద్దలును, కాన్సరని నేటివారును బిలుచు వ్యాధిని గుదుర్చు విద్యను వైద్యు లెట్లు నేర్చిరి, ఆ నేర్పునకు ధన మెవ్వ రిచ్చిరి, ఆ విద్య నేడెంత దూరము వచ్చినది, మన పల్లెలకు రావలసిన దెంత మిగిలియున్నది యనునదియే యా చరిత్ర.

దీని కొక కారణము గలదు. మన సంఘపు విద్యానిధిని ఏ పనికి వినియోగింపవలె నను ప్రశ్న యీ మహాసభ ముందునకు రానున్నది. కల్యాణమండపమును విస్తరింపవలెనని కొందఱును, విద్యార్థి వసతిగృహమునకు మఱికొన్ని గదులు గట్టవలెనని కొందఱును గోరుచున్నారు. రెండును మంచి కోరికలే. వానికి దోడు మూడవ దానిని మేము మనవి చేయదలచితిమి. అది యెట్టిదో చెప్పుటకు ముందు గతమును గొంత తడవుట మంచిది.

మైలవరము విద్యకును గళకును ధనము వెచ్చించుట యెఱుగని యూరు గాదు. జమీందారీ కాలమున నిచ్చటి ప్రభువుల యాదరణమున వెలసిన నాటక సమాజము ఆంధ్రదేశ మంతటను బేరు గాంచెను. మైలవరము కంపెనీ యనిన నాటకప్రియులకు వేఱుగ జెప్ప నక్కఱ లేకుండెను. ఎంతటి నటుడైనను బుట్టుకతోడనే రంగమున నిలువలేడు. వానిని బోషించువారును, నేర్పువారును గావలెను. వైద్యుని మాటయు నంతే. పట్టము చేత బట్టుకొని కళాశాలనుండి వెలువడిన నాడు వైద్యుని చదువు ముగిసినదనుకొనుట పొరపాటు. వ్యాధులు పాతవే యైనను చికిత్సలు క్రొత్తవి వచ్చుచుండును; వైద్యుడు మరల మరల శిష్యుడు గావలసినదే.

ఒక దానము, ఒక విద్యార్థి

1895వ సంవత్సరము వైద్యచరిత్రలో స్మరణీయము. ఆ యేటి నవంబరులో జర్మనీ దేశమున రంట్గెను పండితుడు ఎక్సు కిరణములను గనుగొనెను. అంతవఱకు రాచపుండునకు శస్త్ర మొక్కటియే చికిత్స. పిమ్మట 1898లో క్యూరీ దంపతులు రేడియమును గనుగొనిరి. శస్త్రమునకు గిరణములు తోడయ్యెను. ఆ 1895లోనే జనవరి 12వ తేదీన భీమవరమున ఎల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. శస్త్రమునకును, గిరణములకును మూడవదిగా ఔషధమును జేర్చిన వారిలో నీ తెలుగుబిడ్డ యొక డగుట మన కెల్లరకును గర్వకారణము.

సుబ్బారావుగారు రాజమహేంద్రవరమునను, చెన్నపట్టణమునను జదివి మద్రాసు వైద్యకళాశాలలో జేరిరి. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించి శస్త్రశాలకు బోయినందున శస్త్రవిద్యాచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగ దక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రమే పొందిరి. వారి సోదరు లిరువురు స్ప్రూ యను గ్రహణీరోగముచే గొలదిదినముల వ్యవధిలో మరణించిరి. ఈ దుఃఖమే వారిని బరిశోధనకు బురికొల్పినదని వారి జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. చెన్నపట్టణమున ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేద కళాశాలలో గొంతకాలము బోధించిరి గాని, వారి చూపు విదేశ విద్యపైననే నిలిచెను. ధనము లేదు.

ధన మెక్కడనుండి వచ్చెను? రంగూనులో గష్టించి సంపద గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారు కాకినాడలో నెలకొల్పిన ధర్మనిధినుండి కొంతయు, సుబ్బారావుగారి మామగారినుండి కొంతయు వచ్చెను. 1923 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. ఇచ్చట మన మొక విషయము గమనింపవలెను. సత్యలింగ నాయకర్ గారిది సముద్రము నమ్ముకొని బ్రదుకు కులము. సుబ్బారావుగారిది బ్రాహ్మణ కుటుంబము. ధర్మకర్తలు విద్యార్థి కులము జూడలేదు, యోగ్యత జూచిరి. ఆ చూపు ఫలము నేడు ప్రపంచ మంతయు ననుభవించుచున్నది.

సుబ్బారావుగారు హార్వర్డులో నుష్ణదేశపు వ్యాధుల శాస్త్రమును జదివి, ఫిస్కు పండితునితో గూడి రక్తమునందలి భాస్వరమును గొలుచు విధానమును గనిపెట్టి, 1930లో డాక్టరేటు పొందిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమునకు మాఱి, యచ్చటి పరిశోధకుల కధిపతియై ఫోలికు ఆమ్లమును గృత్రిమముగ దయారుచేయించిరి. అప్పుడు బోస్టను శిశువైద్యశాలలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తకాన్సరు సోకిన పసిబిడ్డలకు జికిత్స చేయుచుండెను. ఫోలికు సంబంధమగు పదార్థము లిచ్చినప్పుడు కాన్సరు కణములు పెరుగుచున్నట్లు తోచగా, ఆ యామ్లమునకు విరోధి యగు ద్రవ్య మిచ్చినచో నవి యాగునేమో యను నూహ గలిగెను. సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండి యమినోప్టెరిను అను మందు వచ్చెను. 1948 జూనులో ఫార్బరుగారు ఫలితములను బ్రకటించిరి: చికిత్స పొందిన 16గురు బిడ్డలలో 10మందికి వ్యాధి తాత్కాలికముగ నడగెను. నాటివఱకు ఆ వ్యాధికి మందే లేదు. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు ఏబదిమూడేండ్ల ప్రాయమున గన్నుమూసిరి. వారి పరిశోధనాలయపు మెథోట్రెక్సేటు నేటికిని మన యూళ్ళ మందుల దుకాణములలో దొరకుచున్నది. కాన్సరునకే గాక కీళ్ళవాతమునకును దాని నిచ్చుచున్నారు.

కాకినాడ ధర్మనిధి వారిచ్చినది ఒక విద్యార్థికి వేతనము. ఒక భవనమును గట్టలేదు, ఒక శిలాఫలకమును నిలుపలేదు. ఐనను ఆ సొమ్ము ఖర్చు కానట్లే యుండి తరతరములకు ఫల మిచ్చుచున్నది.

దుఃఖమునుండి వెలసిన మూడు వైద్యాలయములు

మనదేశమున గాన్సరు వైద్యవిద్య నేర్పు పెద్ద వైద్యాలయముల పుట్టుక జూచిన, ఒక్కొకదాని వెనుక నొక యింటి దుఃఖము గానవచ్చును.

బొంబాయిలో దొరాబ్జీ టాటాగారి సతీమణి మెహరుబాయిగారు రక్తకాన్సరుచే 1931లో మరణించిరి. ఆ కుటుంబపు ధర్మనిధి సాహాయ్యమున 1941లో టాటా మెమోరియల్ వైద్యాలయము తెఱవబడెను. 1962లో నది భారత అణుశక్తి శాఖ యధీనమయ్యెను. నేడు మన విశాఖపట్టణమునను ఆ సంస్థకు శాఖ గలదు.

చెన్నపట్టణమున మద్రాసు వైద్యకళాశాలలో 1912లో పట్టము పొందిన ముత్తులక్ష్మీ రెడ్డిగారి చెల్లెలు ప్రేగుల కాన్సరుచే మరణించెను. ఆమె రోగమును మొదట రక్తగ్రహణి యని పొరబడి చికిత్స చేసిరి. ఈ పొరపాటును జదువరులు జ్ఞాపక ముంచుకొనవలెనని ప్రార్థన. దానితో మనకు మరల బనిగలదు. ముత్తులక్ష్మీ రెడ్డిగారి పట్టుదలచే 1954లో అడయారు కాన్సరు వైద్యాలయము కొలది పడకలతో నారంభమయ్యెను. వి. శాంతగారు జీవితమునంతయు దానికే ధారపోసి 2021లో దివంగతు లయిరి. మన తెలుగు జిల్లాలనుండి రోగులు దశాబ్దముల తరబడి రైలెక్కి యచ్చటికే పోవుచుండిరి. కాన్సరు వైద్యమును బ్రత్యేక శాస్త్రముగ నేర్పి, డి.ఎం., ఎం.సి.హెచ్. అను నున్నత పట్టముల నిచ్చు శిక్షణమును మనదేశమున మొదట 1984లో నారంభించినది ఆ వైద్యాలయమే. అంతకుముందు సామాన్య వైద్యులును, శస్త్రవైద్యులును దమకు దోచిన రీతిని, లేక విదేశములకు బోయి, యీ విద్య నభ్యసింప వలసియుండెను.

మూడవది భాగ్యనగరమునది. నందమూరి తారక రామారావుగారి ధర్మపత్ని బసవతారకమ్మగారు 1985లో గాన్సరుచే మరణించిరి. ఆమె పేరిట నమెరికాలోని తెలుగు వైద్యుల తోడ్పాటుతో నిర్మింపబడిన వైద్యాలయము 2000 సంవత్సరమున దెఱవబడెను. అట్లు తోడ్పడిన వారిలో మన కృష్ణామండలపు మంటాడ గ్రామమున 1947లో జన్మించిన నోరి దత్తాత్రేయుడుగారు ముఖ్యులు. వారు కర్నూలు వైద్యకళాశాలలో జదివి, ఉస్మానియాలో బై చదువు ముగించి, న్యూయార్కు నగరపు మెమోరియల్ స్లోన్ కెటరింగు వైద్యాలయమున గిరణచికిత్సలో బ్రఖ్యాతి గాంచిరి. 2015లో భారత ప్రభుత్వము వారికి బద్మశ్రీ నొసంగెను.

ఈ మూడు కథలలోను ధనమున్నది, దుఃఖమున్నది. కాని వానిని నిలిపినది ధనమును గాదు, దుఃఖమును గాదు, శిక్షణమే. రేడియము కొనవచ్చును, యంత్రము దెప్పింపవచ్చును. దానిని నడుపు చేయి లేనిచో నది గదిలో బడియుండు నినుము.

శరీరమే వైద్యుడైన వేళ

ఇక నాలుగవ చికిత్సను గూర్చి చెప్పవలెను. దీనిని ఇమ్యునోథెరపీ యందురు. శరీరమునందలి స్వాభావిక రక్షకశక్తిని మేల్కొలిపి, దానిచేతనే కాన్సరును ద్రుంచుట దీని సారము.

కృష్ణాడెల్టా రైతున కిది సులభముగ దెలియును. చేనికి గాపున్నవాడు బయటనుండి వచ్చు పశువును జూచి యదలించును. కాని నాటిన మడిలోనే వరితోబాటు లేచు ఊదను వాడు గుర్తింపడు. ఊద లేతగా నున్నప్పుడు వరివలెనే యుండును. మన రక్తమునందలి తెల్లకణములు కాపరులు. క్షయ, మలేరియా మొదలగువాని క్రిములు బయటి పశువులు. కాన్సరు మాత్రము ఊద వంటిది. అది మన కణమే, మన చేనిలోనే మొలచినది.

ఈ కాపరులను మేల్కొలుప బ్రయత్నించిన తొలివారిలో నొకడు న్యూయార్కు శస్త్రవైద్యుడు విలియం కోలీ. సర్పి వంటి చర్మజ్వరము వచ్చిన యొక రోగికి గాన్సరు గడ్డ కరగినదని విని, 1891 మొదలు ఆయన రోగుల గడ్డలలోనికి సూక్ష్మక్రిముల నెక్కించి చూచెను. కొందఱికి గుణ మిచ్చెను, కొందఱి కపాయము గలిగెను. ఎక్సు కిరణములు వచ్చినపిమ్మట నాయన మార్గమును లోకము మఱచెను. మఱువనిది ఆయన కుమార్తె హెలెన్ కోలీ నాట్స్. ఆమె వైద్యురాలు గాదు, పట్టభద్రురాలు గాదు. తండ్రి కాగితములను బోగుచేసి, రోగుల వృత్తాంతముల నేర్చికూర్చి, 1953లో న్యూయార్కున గాన్సరు పరిశోధనా సంస్థ నొకదానిని స్థాపించెను. యువ శాస్త్రజ్ఞులకు వేతనము లిచ్చి ఈ శాస్త్రమునందు శిక్షణ మిప్పించుట ఆ సంస్థ ముఖ్యధర్మము లయ్యెను. పెద్దలు పరిహసించుచున్న కాలమున బిన్నలకు జదువు చెప్పించిన యీ గృహిణి దానము సత్యలింగ నాయకర్ గారి దానమునకు సోదరి వంటిది.

1976లో మోరేల్సు అను వైద్యుడు మూత్రాశయపు కాన్సరునకు, మన బిడ్డల కందఱికిని క్షయ రాకుండ వేయు బి.సి.జి. టీకామందునే వాడి గుణము జూపెను. 1990లో నమెరికా ప్రభుత్వము దాని నంగీకరించెను. 1975లో కోలరును, మిల్‌స్టీనును ఒకే గుఱిని దాకు ప్రతిద్రవ్యములను దయారుచేయు మార్గమును గనిపెట్టిరి. దాని ఫలముగ 1997లో రిటుక్సిమాబు అను మందు లింఫోమా రోగుల కందెను.

అటుపిమ్మట వచ్చినది పెద్ద మలుపు. కాపరి కణములకు ముకుత్రాళ్ళున్నవని పండితులు గ్రహించిరి. ఎద్దునకు ముకుత్రాడు లేనిచో నది కనబడిన దెల్ల ద్రొక్కును. అందుచే బ్రకృతియే వానికి బగ్గములు వేసినది. కాన్సరు ఆ పగ్గములను బట్టిలాగి కాపరిని నిలుపుచున్నది. సి.టి.ఎల్.ఎ.-4 యను పగ్గమును విప్పిన నెలుకలలో గడ్డలు కరగునని జేమ్సు ఆలిసను 1996లో జూపెను. పి.డి.-1 అను వేఱొక పగ్గమును జపానుదేశపు తసుకు హొంజో 1992లో గనుగొనెను. మొదటి పగ్గమును విప్పు మందు 2011లోను, రెండవదానిని విప్పు మందులు 2014లోను వాడుకకు వచ్చెను. 2018లో నీ యిరువురకు నోబెలు బహుమాన మొసంగబడెను.

ఇంకొక మార్గమును గలదు. నారుమడి కర్షకున కిది కొత్త గాదు. రోగి రక్తమునుండి టి-కణములను వేఱుచేసి, ప్రయోగశాలలో వానికి గాన్సరు కణమును గుర్తించు క్రొత్త కన్నును నమర్చి, నారువలె బెంచి, మరల నా రోగి శరీరముననే నాటుదురు. దీనిని కార్-టి చికిత్స యందురు. 2017లో నమెరికాలో నిది యంగీకరింపబడెను. వెల సామాన్యుని యూహ కందనిది. మనదేశమున బొంబాయి ఐ.ఐ.టి. వారును, టాటా మెమోరియల్ వారును గలసి నెక్స్‌కార్-19 అను పేర దీనిని సిద్ధపఱుపగా, 2023 అక్టోబరులో ప్రభుత్వానుమతి లభించెను. 2024 ఏప్రిలులో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు దానిని జాతి కంకిత మొనరించిరి. విదేశపు వెలతో జూచిన నిది చాల తక్కువ. ఐనను మధ్యతరగతి కుటుంబమున కింకను బెద్దబరువే.

ఒక హెచ్చరిక. ఈ చికిత్స యన్ని కాన్సరులకును బనికిరాదు, పనికివచ్చు కాన్సరులలోను నందఱికిని గుణ మియ్యదు. ఎవ్వరికి జేయవలెనో తెలిసికొనుటకు గడ్డ ముక్కను బరీక్షింపవలెను. సంతలో రోగనిరోధక శక్తి పెంచునని యమ్ము పొడులకును, లేహ్యములకును దీనితో సంబంధ మేమియు లేదు. ఆ మాటసామ్యముచే మోసపోయి, చేయదగిన చికిత్సను మానుకొనిన వారిని మే మెఱుగుదుము.

పగ్గము విప్పిన పిమ్మట

ముకుత్రాడు విప్పిన యెద్దు ఊదనే త్రొక్కునా? ఒక్కొకప్పుడు వరినిగూడ ద్రొక్కును. మేల్కొనిన కాపరికణములు కాన్సరుతో నాగక, ప్రేగులను, ఊపిరితిత్తులను, కాలేయమును, గళగ్రంథిని, అరుదుగ గుండెను బట్టి బాధించును. ఈ బాధ మందు పుచ్చుకొనిన మఱునాడే రానక్కఱలేదు. వారములకో, నెలలకో, చికిత్స ముగిసిన పిమ్మటనో రావచ్చును. అప్పటికి రోగి పట్టణమున నుండడు. తన యూరిలో నుండును.

ఇక్కడనే శిక్షణము మాట. పాత మందులు, అనగా మెథోట్రెక్సేటు వంటివి, తెల్లకణములను దగ్గించును. ఆ మందులు వాడిన రోగికి జ్వరమో, విరేచనములో పట్టిన, క్రిములు సోకినవని యెంచి వెంటనే వాని కడ్డుమందు లిచ్చుట సరియైన పద్ధతి. క్రొత్త చికిత్సలో గారణము తలక్రిందులు. ఇచ్చట కాపరులు తక్కువై గాదు, ఎక్కువై బాధ. క్రిమిదోషము లేదని తేల్చుకొని, కాన్సరు మందు నాపి, స్టిరాయిడు మందు తగిన మోతాదున నిచ్చి, దానిని వారముల తరబడి మెల్లగ దగ్గింపవలెను. పాతవిద్య మాత్రమే యెఱిగిన వైద్యుడు, ఎంత మంచివాడైనను, పాతదారినే నడచును.

మాలో నొకరి యింట జరిగిన దానిని పేరులు చెప్పక వ్రాయుదుము. ఇంటిపెద్ద ఊపిరితిత్తుల కాన్సరునకు దూరనగరమున నీ చికిత్స పొంది, గడ్డ తగ్గి, సంతోషముతో స్వగ్రామము చేరెను. మాఘమాసపు పెండ్లిండ్లలో దిరిగెను. మనుమరాలి పెండ్లికి ముహూర్తముగూడ బెట్టించెను. రెండు నెలలకు విరేచనము లారంభించెను. పెండ్లిభోజనముల దోషమనుకొనిరి. సమీపమునందలి వైద్యుడు రక్తగ్రహణి యని మందు లిచ్చెను. తొమ్మిది దినములు గడచెను. చికిత్స చేసిన నగరపు వైద్యులకు దెలుపవలెనని యెవ్వరికిని దోచలేదు. వారిచ్చిన కాగితములు బీరువాలో నుండెను. కడకు బెద్దాసుపత్రికి జేర్చునప్పటికి బ్రేగు చిల్లిపడెను. ముహూర్తమునాటి కాయన లేడు. గడ్డ చంపలేదు, చికిత్స చంపలేదు, చికిత్సకును, ఊరికిని నడుమనున్న తెలియమి చంపెను.

ఆ వైద్యుని మేము నిందింపము. అతడు నేర్చినప్పు డీ మందులు లేవు. పిమ్మట నేర్పినవారు లేరు. ముత్తులక్ష్మీ రెడ్డిగారి చెల్లెలి రోగమును గ్రహణి యని పొరబడిరి. నూఱేండ్ల తరువాత మన యింటిపెద్ద బాధనుగూడ గ్రహణి యనియే పొరబడిరి. నాడు కాన్సరు నెఱుగక, నేడు కాన్సరు చికిత్స నెఱుగక.

మా మనవి

మన సీమలో వైద్యవిద్యకు గొదువలేదు. 1923లో విశాఖపట్టణమునను, 1946లో గుంటూరునను గళాశాలలు వెలసెను. 1958లో గాకినాడలో రంగరాయ కళాశాలయు, 1980లో విజయవాడలో సిద్ధార్థ కళాశాలయు బ్రజల పూనికతో బుట్టి, పిమ్మట బ్రభుత్వాధీనము లయ్యెను. 1986లో ఆరోగ్యశాస్త్రముల విశ్వవిద్యాలయము విజయవాడలోనే నెలకొనెను. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నొక యౌషధ సంస్థ ధర్మనిధి తోడ్పాటున గాన్సరు విభాగము వెలసినది. కాబట్టి మనము క్రొత్త యాసుపత్రి కట్ట బూనుట యనావశ్యకము, మన శక్తికి మించినదియును. లేనిది నడిమి మెట్టు. పెద్దాసుపత్రిలోని విశేషజ్ఞునకును, మైలవరము, తిరువూరు, నూజివీడు ప్రాంతములందలి సామాన్య వైద్యునకును నడుమ మెట్టు లేదు.

అందుచే మహాసభవారికి మూడు మనవులు చేయుచున్నాము.

మొదటిది: మన విద్యానిధినుండి ప్రతియేట నొక వైద్యునకును, ఒక నర్సునకును గాన్సరు వైద్యాలయమున గొన్ని నెలలు క్రొత్త చికిత్సలయందు శిక్షణము పొందుటకు వేతన మీయవలెను. శిక్షణము ముగిసినపిమ్మట గొన్నియేండ్లు ఈ ప్రాంతముననే పనిచేయుదు నని వారు మాట యీయవలెను.

రెండవది: ఏటేట మహాసభా సమయమున నొక పూట ఈ సీమ సామాన్య వైద్యుల నందఱను రావించి, విశేషజ్ఞులచే నుపన్యాసము లిప్పింపవలెను. భోజనపు సంబరమున కగు వ్యయములో జిన్నభాగ మిందుకు జాలును. ఈ చికిత్స పొందిన ప్రతి రోగియు దన చికిత్స పేరును, చికిత్స చేసిన వైద్యుని దూరవాణి సంఖ్యను వ్రాసిన చీటిని జేబులో నుంచుకొనవలెనను నొక్క మాటను మన యిండ్లన్నిటికిని దెలుపవలెను. ఆ చీటి బీరువాలో గాక జేబులో నుండినచో నొక ప్రాణము నిలిచెడిది.

మూడవది కొందఱికి గష్టముగ దోచును. ఈ వేతనమును మన కులమువారికే యని నియమింప గూడదు. వ్యాధి కులము నడుగదు. అర్ధరాత్రమున నూపిరాడక మనవారిని మోసికొనిపోయినప్పు డచ్చట నున్న వైద్యుడు మనవాడో, పరుడో యడుగుదుమా? తెలిసినవాడా, తెలియనివాడా యని మాత్రమే కదా చూచెదము. కులసంఘపు సొమ్ము కులమువారికి గాక పోవుట యెట్లని ప్రశ్నించువారికి గాకినాడ ధర్మనిధి చరిత్రయే మా సమాధానము. సత్యలింగ నాయకర్ గారి ధర్మకర్తలు నాడు తమవారికే యని తలుపు మూసికొనియుండిన, సుబ్బారావుగారి ప్రయాణ మాగియుండెడిది. వారు తలుపు తెఱచినందున నాయకర్ గారి పేరును, వారి కులము పేరును దఱిగినవా? పెరిగినవి.

కల్యాణమండపము గావలెను, గాదనము. కాని మండపమున గూర్చుండి యక్షతలు చల్లవలసిన పెద్దలు బ్రతికియుండుటయు గావలెను గదా. ఈ మనవులను విద్యానిధి సంఘమువారును, దాతలును దయతో నాలోచింతురు గాక యనియు, మైలవరము మహాసభ యీ తీర్మానముచేత జరకాలము స్మరింపబడు గాక యనియు సర్వేశ్వరుని బ్రార్థించుచు విరమించుచున్నాము.